పలకలు పైకెత్తండి

మా మూడో తరగతిలో బోర్డు మీద 52 – 27 అని రాసి పలకల మీద చేయమంటాను. చేశాక పలక బోర్లించుకోవాలి. నేను "పలకలు" అనగానే అందరూ ఒక్కసారి పైకెత్తాలి. ఎక్కువ పలకల మీద 25 ఉంటుంది. ఏటా తప్పకుండా ఐదారు పలకల మీద 35 ఉంటుంది. ఒకరిద్దరు కూడేసి 79 రాస్తారు. ఏమీ రాయని పలక ఒకటి ముందువాడి వీపు వెనక నక్కుతుంది.

ఆ 35 సంగతి చూద్దాం. "ఎట్ల చేసినావురా?" అని అడిగితే, "రెండులోంచి ఏడు పోదు గదా టీచర్, అందుకే ఏడులోంచి రెండు తీసేసినా" అంటాడు. వాడికి 84 – 39 ఇవ్వండి, 55 రాస్తాడు. 61 – 48 ఇవ్వండి, 27 రాస్తాడు. మూడు లెక్కలూ తప్పే, మూడింటిలోనూ నియమం మాత్రం ఒక్కటే. ఏది పైన ఉందో ఏది కింద ఉందో చూడకుండా, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. పరధ్యానంగా ఉన్నవాడు ఇంత క్రమం తప్పకుండా తప్పు చేయలేడు. 1978లో అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత లెక్కలను అంకె అంకె విడదీసి చూశారు. పిల్లల తప్పుల వెనక ఇలాంటి సొంత నియమాలు చాలానే ఉన్నాయని తేల్చారు.

ఈ పిల్లవాడి నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఇంటూ పెట్టి "జాగ్రత్తగా చెయ్యి" అని రాస్తే, వాడు ఇంకాస్త జాగ్రత్తగా అదే తప్పు చేస్తాడు. వాడికి కావలసినవి చీపురు పుల్లలు. ఐదు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి ఇరవై ఏడు తీసి ఇవ్వమంటే, విడివి చాలక తనంతట తానే ఒక కట్ట విప్పుతాడు. బోర్డు మీద మనం "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అనే మాటకు అర్థం ఆ కట్ట విప్పడంలోనే ఉంది. 79 రాసిన పిల్లకు ఇదేమీ అక్కర్లేదు. ఆ అమ్మాయి గుర్తు సరిగ్గా చూసుకోలేదు, అంతే. ఇద్దరి మార్కూ సున్నాయే గానీ ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటి కాదు.

పలకలు ఎత్తించకుండా "అర్థమైందా?" అని అడిగి ఉంటే తరగతి తరగతంతా "అయింది టీచర్" అని రాగం తీసేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ రాగాన్ని నమ్మి ఎన్ని పాఠాలు దాటేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇరవై ఏళ్లకు పైగా ప్రాథమిక బడిలో పనిచేశాక, బోధనా పద్ధతులను తూచడానికి నా దగ్గర ఒక్క కొలబద్ద మిగిలింది. ఈ పద్ధతి వల్ల పిల్లవాడి తలలో ఏం జరుగుతోందో నాకు కనబడుతోందా? కనబడ్డాక నేను చేయబోయే పని మారుతోందా? ఈ రెండింటికీ అవునని చెప్పగలిగితే అది పాత పద్ధతైనా సరే, కొత్త పద్ధతైనా సరే. చెప్పలేకపోతే దాని పేరు ఎంత గొప్పదైనా పిల్లలకు ఒరిగేదేమీ లేదు. బట్టీ మంచిదా, ఆటపాటలు మంచివా అని మన దగ్గర ఏళ్ల తరబడి సాగుతున్న వాదన ఎందుకు తెగడం లేదో కూడా ఇక్కడి నుంచి చూస్తే తెలుస్తుంది.

బళ్లారి కలెక్టరు చూసిన బడి

పాతకాలం బడి గురించి గాలి మాటలు చాలా ఉన్నాయి. కళ్లారా చూసి రాసిన కాగితం ఒకటుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఏం చెబుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. అప్పటికి మా అనంతపురం ఇంకా విడి జిల్లా కాలేదు, 1882 దాకా బళ్లారిలో భాగమే. కనుక అది మా తాతముత్తాతల బడుల లెక్క కూడా. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మిగిలినవి మరాఠీ, పారసీ, సంస్కృతం, తమిళం, ఒకే ఒక్కటి ఇంగ్లీషు. ఆ ఆరు వేల పైచిలుకు పిల్లల్లో ఆడపిల్లలు అరవై మంది. ఆ కాలాన్ని తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఈ ఒక్క అంకె దగ్గర కాసేపు ఆగాలి.

బడి తెల్లవారి ఆరింటికి మొదలయ్యేది. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండో వాడి చేతిలో సున్నా చుట్టేవారు, మెచ్చుకోలూ లేదు తిట్టూ లేదని. మూడో వాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దించేవారు. తర్వాత తాటాకు, లేదా బొగ్గు మసి పట్టించిన కడితం అనే గుడ్డ పలక. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అయ్యాక మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు రాయించేవారు. పిల్లవాడికి అప్పటికే తెలిసిన లోకమే వాడి మొదటి వాచకం అన్నమాట.

చిన్న పిల్లలకు పెద్ద పిల్లలు చెప్పేవారు. కాంప్‌బెల్ ఈ ఏర్పాటును బాగా మెచ్చుకున్నాడు. ముందున్నవాడు వెనకవాడికి చెబుతూ తన చదువును కూడా గట్టిపరచుకుంటాడని, ఇంగ్లండులో దీన్ని అనుకరించడం సబబేనని రాశాడు. ఆ అనుకరణ కథ మద్రాసులోనే మొదలైంది. ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి 1789 నుంచి పెద్దగా ఉన్న ఆండ్రూ బెల్, ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో దిద్దుకోవడం చూసి తన ఆశ్రమంలోనూ పెట్టించాడు. అక్కడి ఉపాధ్యాయులు ఆసక్తి చూపకపోతే ఎనిమిదేళ్ల కుర్రవాడికి చిన్న తరగతి అప్పగించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. తర్వాతి కాలంలో బ్రిటన్‌లో వేల బడులు నడిచిన "మద్రాసు పద్ధతి" ఇదే.

అయితే కాంప్‌బెల్ అదే నివేదికలో ఇంకో మాట కూడా రాశాడు. పిల్లలు పద్యాలకు పద్యాలు పొల్లు పోకుండా చదువుతారు, వాటి అర్థం చిలకకు ఎంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసు అని. పాత చదువును పొగిడేవాళ్లు మొదటి మాట ఎత్తుకుంటారు, తెగిడేవాళ్లు రెండోది ఎత్తుకుంటారు. రాసింది మాత్రం ఒకే మనిషి, చూసింది ఒకే అరుగు.

నన్ను ఆపేది ఇంకో లెక్క. 6,641ని 533తో భాగించండి. బడికి పన్నెండు పదమూడు మంది. ప్రతి పిల్లవాడూ రోజూ అయ్యవారి ఎదుట నిలబడి అప్పజెప్పేవాడు. ఎవడు ఎక్కడ ఆగాడో ఆయనకు చెప్పక్కర్లేకుండానే తెలిసేది. అక్షరాల వరకు అది చక్కగా పనిచేసింది, ఎందుకంటే అక్షరం వచ్చిందో లేదో ఇసుక మీద కనబడుతుంది. పద్యానికి వచ్చేసరికి గొంతు వినబడుతుంది గానీ అర్థం కనబడదు. అర్థం కనబడేలా అడిగే ప్రశ్న ఆ బడిలో లేదు. లోపం అక్కడ ఉంది, కంఠస్థం చేయించడంలో కాదు.

వల్లె వేయడం వేరు, అప్పజెప్పడం వేరు

తెలుగులో చదువుకు సంబంధించిన రెండు మాటలను మనం కలిపేసి "బట్టీ" అంటున్నాం. వల్లె వేయడం అంటే పుస్తకం ఎదురుగా పెట్టుకుని పదే పదే పైకి చదవడం. అప్పజెప్పడం అంటే పుస్తకం మూసేసి, ఉన్నదాన్ని తలలోంచి బయటికి తీయడం. మన పెద్దలు ఈ రెండు పనులకు రెండు మాటలు పెట్టుకున్నారు. ఆ తేడా ఎంత పెద్దదో 2006లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగం చూపించింది.

విద్యార్థులకు చిన్న చిన్న వ్యాసాలు ఇచ్చారు. కొన్నింటిని రెండుసార్లు చదివించారు. మరికొన్నింటిని ఒకసారి చదివించి, తర్వాత కాగితం మీద గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, రాసినది 75 శాతం. వారం తర్వాత పెడితే తారుమారైంది. రెండుసార్లు చదివినది 42 శాతానికి పడిపోయింది, ఒకసారి చదివి గుర్తు తెచ్చుకున్నది 56 దగ్గర నిలిచింది. రేపటి పరీక్షకు వల్లె వేస్తే చాలునని పిల్లలు ఎందుకు నమ్ముతారో, పరీక్షయ్యాక వారంలో అంతా ఎందుకు ఆవిరవుతుందో ఈ నాలుగు అంకెలు చెబుతాయి.

మనసు ఒక విషయాన్ని వెతికి బయటికి తీసే ప్రయాసలోనే ఆ దారి గట్టిపడుతుంది. చూస్తూ చదివితే ఆ ప్రయాస ఉండదు. సులువుగా చదువుకుపోతున్నాం కాబట్టి వచ్చేసిందనిపిస్తుంది. అందుకే మా తరగతిలో గంట మొదట్లో ఐదు నిమిషాలు పుస్తకాలు తెరవనివ్వను. నిన్నటి పాఠంలోంచి ఒకటి, పోయిన వారంలోంచి ఒకటి, పోయిన నెలలోంచి ఒకటి అడిగి పలకల మీద రాయిస్తాను. మార్కులు వేయను. మార్కు వేస్తే పక్కవాడి పలకలోకి తొంగిచూస్తారు, అప్పుడు నాకు కనబడేది పక్కవాడి తల.

ఎక్కాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. క్యాలిక్యులేటర్ కాలంలో ఎక్కాలెందుకని చదువుకున్న తల్లిదండ్రులే అడుగుతుంటారు. మనిషి ఒక క్షణంలో తలలో పట్టి ఉంచుకోగలిగేది చాలా తక్కువ. కొత్త విషయాలైతే నాలుగుకు మించి నిలవవని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో లెక్కగట్టాడు. 448ని 8తో భాగించే పిల్లవాడు మధ్యలో ఎనిమిదైదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వస్తే, లెక్కపెట్టి తిరిగొచ్చేసరికి ఏ మెట్టు మీద ఉన్నాడో మరిచిపోతాడు. వాడికి భాగహారం రాదని మనం అనుకుంటాం. నిజానికి వాడికి రానిది ఎనిమిదో ఎక్కం. ఎక్కం నోటికొచ్చినవాడికి ఆలోచించడానికి చోటు మిగులుతుంది. అయితే ఎనిమిదైదులు నలభై అని అప్పజెప్పిన పిల్లవాడిని, ఎనిమిది వరసల్లో ఐదేసి రాళ్లు పేర్చమని కూడా అడగాలి. కొందరు అప్పజెబుతారు, పేర్చలేరు. అది చూసేదాకా నాకు తెలియదు.

అప్పజెప్పడం తర్వాత మూడో మెట్టు ఒకటి ఉంది, విడమర్చి చెప్పడం. చదివినదాన్ని తన మాటల్లో పక్క పిల్లకు చెప్పగలగడం. రెండు వందల ఏళ్ల కిందట బళ్లారి అరుగు మీద పెద్ద పిల్లలు చేసింది అదే. దాన్ని పద్యాల అర్థం దాకా తీసుకెళ్లి ఉంటే కాంప్‌బెల్‌కు చిలక గుర్తొచ్చేది కాదు.

గోడ మీద చార్టులు

ఇక రెండో పక్షం, ఆటపాటల చదువు. 1980లలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. పాత టీచర్లు ఇప్పటికీ "అప్పెప్" అని దాన్ని తలుచుకుంటారు. అందులో ఆరు సూత్రాలు ఉండేవి: ఉపాధ్యాయుడే కృత్యాలు తయారుచేయాలి, పిల్లలు చేస్తూ కనిపెడుతూ నేర్చుకోవాలి, ఒక్కొక్కరుగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని సాగాలి, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవాలి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవాలి, పిల్లల పనిని ప్రదర్శిస్తూ గదిని ఆకర్షణీయంగా ఉంచాలి. ఇవాళ్టి విధాన పత్రాల్లో కొత్తగా చెబుతున్నవి చాలావరకు ఇందులో ఉన్నాయి. ఉపాధ్యాయులు ఒకచోట కూడి పాఠాల గురించి మాట్లాడుకునే అలవాటు కూడా అక్కడి నుంచి వచ్చిందే. అది చాలా పెద్ద మేలు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆరు సూత్రాల్లో కంటికి కనబడేవి మిగిలాయి. చార్టులు గోడెక్కాయి. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. విత్తనాలు, ఆకులు డబ్బాల్లో చేరాయి. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా చార్టులనే లెక్కపెట్టారు. నాలుగో సూత్రం, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవడం, ఎవరికీ కనబడదు కనుక అదే ముందుగా జారిపోయింది. గుండ్రంగా కూర్చున్న ఆరుగురిలో చేసేది చురుకైన ఒక్క పిల్లే అయితే, మిగిలిన ఐదుగురు వరసల్లో కూర్చున్నా అంతే.

కృత్యం చేస్తున్నప్పుడు పిల్లలు దేని గురించి ఆలోచిస్తున్నారో దాన్నే నేర్చుకుంటారు. భిన్నాలు చెప్పడానికి రంగు కాగితాలు కత్తిరించి అతికించే పని పెట్టాననుకోండి. గంటసేపు వాళ్ల ధ్యాసంతా కత్తెర మీద, జిగురు మీద ఉంటే, నేర్చుకున్నది కత్తిరించడం. నాలుగో వంతు పెద్దదా మూడో వంతు పెద్దదా అని చివర్లో అడిగితే, నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదని చెబుతారు. ఒకే రొట్టెను ముగ్గురికీ నలుగురికీ పంచి, ఏ జట్టులో ఉంటే ఎక్కువ తినొచ్చో ముందే ఊహించి చెప్పమంటే చాలు. ఐదు నిమిషాల పని, జిగురు అక్కర్లేదు.

పిల్లలను వాళ్లంతట వాళ్లే కనిపెట్టమని వదిలేయాలా, విడమర్చి చెప్పాలా అన్న వాదన ప్రపంచమంతటా ఉంది. 2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ రాసిన వ్యాసం దాన్ని బాగా వేడెక్కించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దారి చూపకుండా వదిలేస్తే, వెతుకులాటకే వాళ్ల శక్తంతా పోతుందని వాళ్ల వాదన. నా అనుభవం వాళ్ల వైపే మొగ్గుతుంది, ఒక షరతుతో. పునాది ఉన్నవాడికి అదే వెతుకులాట మంచి మేత. ఎవరికి చెప్పాలి, ఎవరిని వదలాలి అనేది వాళ్లు ఎక్కడున్నారో తెలిస్తే తప్ప తేలదు. వాదన మళ్లీ పలక దగ్గరికే వచ్చి ఆగుతుంది.

నిచ్చెన

తేడాలను పట్టించుకోవడం అనే ఆ కష్టమైన నాలుగో సూత్రాన్ని పని చేయించిన ప్రయత్నం ఒకటి మా పక్కనే, మదనపల్లె దగ్గర రిషీవ్యాలీలో జరిగింది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపింది. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతుల నాయకత్వంలో అక్కడ ఒక పద్ధతి రూపుదిద్దుకుంది.

పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న మెట్లుగా చేశారు. ప్రతి మెట్టుకూ కార్డులు, కార్డు మీద ఒక బొమ్మ గుర్తు. గోడ మీద నిచ్చెన పటం. అక్షరం రాని పిల్లవాడు కూడా బొమ్మ చూసి, తాను ఏ మెట్టు మీద ఉన్నాడో, తర్వాత ఏ కార్డు తీసుకోవాలో, టీచరు దగ్గర కూర్చోవాలో తోటి పిల్లల దగ్గర కూర్చోవాలో తెలుసుకుంటాడు. కొన్ని మెట్లు టీచరు సాయంతో, కొన్ని తోటివాళ్ల సాయంతో, కొన్ని ఒంటరిగా. దీన్ని చూసి వెళ్లిన మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట టీచర్లు 1995లో "నలి కలి" మొదలుపెట్టారు. 2003లో చెన్నై నగరపాలక బడుల్లోకి, తర్వాత తమిళనాడు అంతటికీ ఇదే పద్ధతి కొత్త రూపంలో పాకింది. మన నేల మీద పుట్టిన దాన్ని పొరుగు రాష్ట్రాలు మనకన్నా ముందు పెద్ద ఎత్తున అందుకున్నాయి.

మా ప్రాంతానికి ఈ నిచ్చెన ఎంత అవసరమో వలసలు చూసినవాళ్లకు తెలుస్తుంది. వానలు లేని ఏడాది తల్లిదండ్రులు బెంగళూరుకో కేరళకో పనికి పోతారు, పిల్లలూ వెంట పోతారు. రెండు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి తరగతి గుణకారం దాటి భాగహారంలో ఉంటుంది. పుస్తకం ప్రకారం నడిచే తరగతిలో ఆ పిల్లకు ఇక చోటు లేదు. కూర్చుంటుంది, హాజరు పడుతుంది, ఏమీ అర్థం కాదు. నిచ్చెన ఉన్న బడిలో ఆ పిల్ల వదిలేసిన మెట్టు అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇందులోనూ లోటు ఉంది. ఎవరి కార్డు వాళ్లు చేసుకుంటూ పోతే, తరగతంతా కలిసి ఒక కథ వినడం, ఒక ప్రశ్న మీద వాదించుకోవడం తగ్గిపోతాయి. టీచరు కార్డులకు టిక్కులు పెట్టే మనిషిగా మారే ప్రమాదం ఉంది. రెండూ ఉండాలి.

అదే టీచర్లు, అవే పుస్తకాలు

పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 లెక్కల ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతం. ఐదో తరగతిలో 48.8 శాతం. అంటే ప్రాథమిక బడి దాటబోతున్న పిల్లల్లో సగం మంది చేతిలో ఉన్న పుస్తకం వాళ్లకు మూసి ఉన్న తలుపే. సైన్సు పాఠమైనా, సాంఘిక శాస్త్రమైనా, చదవలేనప్పుడు అన్నీ ఒకటే.

దీనికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఎంచుకున్న దారి చాలా సాదా. పిల్లలను వయసును బట్టి, తరగతిని బట్టి కాక, వాళ్లకు ఇప్పుడు వచ్చినదాన్ని బట్టి జట్లు కట్టు. అక్షరాలు వచ్చినవాళ్లు ఒక జట్టు, పదాలు వచ్చినవాళ్లు ఒకటి, పేరా చదవగలవాళ్లు ఒకటి. రోజూ గంటో రెండు గంటలో అక్కడి నుంచి పైకి తీసుకెళ్లు. 2001, 2003 మధ్య ముంబై, వడోదరల్లో "బాల్‌సఖి" పేరుతో స్థానిక యువతులు వెనకబడిన పిల్లలకు ఇలా చెప్పారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కొలిచి చూస్తే ఫలితం బాగా కనిపించింది, ముఖ్యంగా అట్టడుగున ఉన్న పిల్లల్లో.

తర్వాత బీహార్‌లో జరిగింది నాకు మరీ ముఖ్యమైనది. 2008 వేసవిలో ప్రభుత్వ ఉపాధ్యాయులే నెల రోజుల శిబిరం పెట్టి వెనకబడిన పిల్లలకు ఈ పద్ధతిలో చెప్పారు. పిల్లల చదువు మెరుగైంది. బడి నడిచే రోజుల్లో ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఆ శిక్షణే ఇచ్చి, ఆ పుస్తకాలే ఇచ్చి చూస్తే మార్పు కనబడలేదు. వేసవిలో పనిచేసిన పద్ధతి బడి తెరిచాక పనిచేయకపోవడానికి కారణమేంటి? వేసవిలో వాళ్ల ముందు పిల్లలు ఉన్నారు. బడి తెరిచాక సిలబస్ వచ్చి మధ్యలో కూర్చుంది. ఏ నెలకు ఏ పాఠం అయిపోవాలో కాగితం చెబుతుంది, అయిందా లేదా అని పైవాళ్లు అడుగుతారు, పిల్లలకు వచ్చిందా అని అడిగేవాళ్లు ఉండరు. 2012-13లో హర్యానాలో ఈ చిక్కును విప్పారు. రోజులో ఒక గంటను సిలబస్ నుంచి విడదీసి, ఆ గంటలో స్థాయిని బట్టి జట్లు కట్టాలని ప్రభుత్వమే ఆదేశించింది, పర్యవేక్షకులు వచ్చి ఆ గంట ఎలా నడుస్తోందో చూశారు. పిల్లల హిందీ చదవడం మెరుగైంది.

టీచర్లకు రాదనీ, చేయరనీ ఊరంతా అనే మాటకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలియదు. వచ్చు. చేస్తారు. దానికి ఒక గంట కావాలి, ఆ గంట తమదేనన్న హామీ కావాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్, 2022-23లో తెలంగాణ మొదలుపెట్టిన తొలిమెట్టు, రెండూ చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు ముందు రావాలని చెప్పాయి. మాట సరైనదే. ఆ గంటలో కూడా టీచరు చేతికి యాప్‌లో ఫొటోలు ఎక్కించే పని వచ్చిపడితే పిల్లల ముఖం చూసేదెప్పుడు?

మూడు క్షణాలు

ఇక డబ్బు ఖర్చు లేని ఒక సంగతి. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల టేపులు వింటూ, టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారో కొలిచింది. ఒక్క క్షణం, చాలాసార్లు అంతకన్నా తక్కువ. ఆలోగా చెయ్యెత్తే పిల్లలు ఎప్పుడూ ఆ ముగ్గురు నలుగురే. టీచర్లను మూడు క్షణాలైనా ఆగమని నేర్పితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు మాట్లాడారు.

చెప్పినంత తేలిక కాదు. తరగతి నిశ్శబ్దంగా ఉంటే టీచరుకు ఊపిరాడదు, తానే జవాబు చెప్పేస్తుంది. నేను మనసులో "ఒకటి, రెండు, మూడు" లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకోవడానికి ఒక ఏడాది పట్టింది.

నోరు విప్పకపోవడానికి ఇంకో కారణం భయం. బళ్లారి బడిలో ఆలస్యానికి దెబ్బలు, మన చిన్నప్పుడు తప్పుకు దెబ్బలు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది న్యాయం కోసం ఎంత అవసరమో, చదువు చెప్పడానికీ అంతే అవసరం. దెబ్బకు భయపడే పిల్లవాడు తప్పును ఉమ్మితో తుడిచేసి పక్కవాడి జవాబు ఎక్కించుకుంటాడు. వాడి 35 నాకు ఎప్పటికీ కనబడదు.

భాష కూడా పిల్లవాడిని దాచేస్తుంది. సవర, కువి, కోయ, గోండి ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకు తెలుగు ప్రశ్నే అర్థం కాకపోతే, వాళ్లకు లెక్క రాదని రాసేస్తాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది ఇందుకే. ఇవాళ ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో కూర్చున్న పల్లె పిల్లల దగ్గరా ఇదే ప్రశ్న నిలబడి ఉంది. ఇంగ్లీషు రావాలి, తప్పకుండా రావాలి. తీసివేత అర్థమైందో లేదో మాత్రం వాడి ఇంటి మాటలోనే అడగాలి.

2025లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మే పిల్లలు కిలోల లెక్క, చిల్లర లెక్క మనసులోనే క్షణాల్లో చేసేస్తున్నారు. అదే తీసివేతను బడి పుస్తకంలో ఉన్నట్టు కాగితం మీద ఇస్తే తడబడుతున్నారు. బడి పిల్లలు కాగితం మీద చేయగలిగినా బజారు లెక్కలో వెనకబడుతున్నారు. మా ఊరి సంతలో తల్లి పక్కన కూర్చుని టమోటాలు అమ్మే పిల్ల నా తరగతిలో ఖాళీ పలక ఎత్తిన రోజు ఈ మాట నాకు ఇంకా తెలియదు. ఆ పిల్లకు లెక్కలు రావనే అనుకున్నాను.

ఒక శనివారం సంతలో ఆ పిల్ల దగ్గరే టమోటాలు కొన్నాను. ముప్పై ఏడు రూపాయలైతే యాభై ఇచ్చాను. నా ముఖం చూడకుండానే పదమూడు చేతిలో పెట్టింది. సోమవారం బోర్డు మీద 50 – 37 రాయలేదు. "యాభై ఇచ్చినాను, ముప్పై ఏడు పట్టుకో, నాకెంత ఇయ్యాల?" అని అడిగాను. పలక మీద 13 రాసి అందరికన్నా ముందు ఎత్తింది. ఆ నెలాఖరుకు 52 – 27 మళ్లీ రాశాను. ఈసారి ఆ పలక మీద 35 ఉంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పుల్లల కట్టలు తీసుకుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.